వజ్రం పోసిన తుపాకి

చిత్తూరు సంతపేటలో ప్రేమానందం ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు ప్రేమానందాల ఇళ్లు చూపిస్తారు. తుపాకి ప్రేమానందం అని అడిగితే మాత్రం ఒక్కటే ఇల్లు. ఆ పేరు విని, ఆయనేదో పులులను కొట్టిన మనిషి అనుకుంటే పొరపాటే. జన్మలో తుపాకి పేల్చి ఎరగడు. దూరంగా ఎక్కడో పేలినా చెవులు మూసుకునే రకం. ఆయనది వడ్రంగి పని. బండి చక్రాలు, చర్చి బెంచీలు, పుట్టినవాళ్లకు ఉయ్యాలలు, పోయినవాళ్లకు పెట్టెలు, ఏది అడిగితే అది చేసేవాడు. కానీ పేరు తెచ్చింది తుపాకి కట్టె. అంటే భుజానికి ఆనే మడమ నుంచి, ఇనుము మొదలయ్యే మెడ దాకా ఉండే కొయ్య. చుట్టుపక్కల వేట తుపాకులున్న రైతులు ఇనుము చెడితే మద్రాసు పోయేవాళ్లు, కట్టె చెడితే ప్రేమానందం దగ్గరికి వచ్చేవాళ్లు.

పుట్టింది ఐరాల పక్కన, ఊరికి దూరంగా ఉండే పాళెంలో. తండ్రి పెంచలయ్య రైతుల ఇళ్లలో జీతగాడు. కలరాలో తల్లి పోయిన ఏడు మిషన్ వాళ్లు పిల్లవాణ్ణి చిత్తూరు తీసుకొచ్చి బడిలో వేశారు. చదువు అంతంత మాత్రం. పని మాత్రం చేతికి అబ్బింది. అక్కడ కొయ్యపని నేర్పేందుకు ఎర్రగడ్డం దొర ఒకడుండేవాడు. తన దేశంలో ఉన్నప్పుడు తుపాకులకు కట్టెలు చెక్కినవాడట. ఆయనకు తెలుగులో రెండే మాటలు వచ్చు. ఒకటి 'ఇంకా', రెండోది 'చాలు'.

ఆ రెండు మాటలతోనే విద్య అంతా నేర్పాడు. ఇనుముకు ఆముదంలో కలిపిన కాటుక పూయాలి. దాన్ని కొయ్యలో తొలిచిన గుంటలోకి నొక్కి తీయాలి. కొయ్య మీద ఎక్కడ నలుపు అంటితే అక్కడ ఉలితో పొరంత గీరాలి. మళ్లీ పూయాలి, మళ్లీ నొక్కాలి. 'ఇంకా' అంటాడు దొర. గుంటంతా ఒకే తీరుగా నల్లబడితే ఇనుము అంతటా ఆనినట్టు. అప్పుడు 'చాలు'. ఒక్క పొర తక్కువ గీరితే మళ్లీ గీరవచ్చు. ఒక్క పొర ఎక్కువ గీరితే మాత్రం కట్టె వదులు, పని పాడు.

మూడో పాఠం మాటలు లేకుండా చెప్పాడు. వడ్రంగులు తోలు ముక్కలు, గిట్టలు ఉడకబెట్టి తీసే బంక ఉంటుంది. దాన్ని ఆ వైపు వజ్రం అంటారు. పొయ్యి మీద ఉన్న వజ్రం గిన్నెను చూపించి, తుపాకిని చూపించి, దొర వేలు అడ్డంగా ఊపాడు. తుపాకి కట్టెకు బంక తగలకూడదు. ఇనుము తుడవాలన్నా, నూనె వేయాలన్నా మరలు విప్పగానే కట్టె ఊడి రావాలి. కట్టె వదులైతే పొయ్యిలో పెట్టుకోవాలే గాని బంక పోయకూడదు. వదులైన కట్టెను బాగుచేసే ఉపాయం కూడా ఉంటుందేమో, దొర అది చెప్పకుండానే ఓడెక్కి పోయాడు.

1924లో ప్రేమానందానికి ఇరవై ఆరేళ్లు. సొంతంగా కొట్టం వేసుకుని ఆరునెలలైనా పీటలూ రోకళ్లూ తప్ప పెద్ద పని పడలేదు. అప్పుడు వచ్చాడు పరంధామయ్య నాయుడు. ఐరాల దగ్గర కొండ కింద ఆయనకు వేరుశనగ చేలు. అడవి పందులు ఒక్క పూటలో చేను దున్నిపోయే చోటు. జోడు గొట్టాల తోటా తుపాకి ఒకటి ఉంది గనుక ఆయన ఇంట్లో వేరుశనగ కాయ మిగిలేది. దాని కట్టె బండి చక్రం కింద పడి మెడ దగ్గర విరిగింది. ఊళ్లో వడ్రంగి ఆచారి ఉండగా, మన జీతగాడు పెంచలయ్య కొడుక్కు పనివ్వడం ఏమిటని నలుగురూ నవ్వారు. "నగనీలే అబ్బా, నువ్వు సెయ్యి. ఆయుధ పూజకు నాకు కావాల," అని చెప్పి పోయాడు నాయుడు.

ఇరుగుడు కొయ్య తెచ్చి ఇరవై రోజులు కూర్చున్నాడు ప్రేమానందం. కాటుక పూయడం, నొక్కడం, గీరడం. పూజ రేపనగా గుంటలో ఒక మూల నలుపు కొంచెం ముద్దగా కనబడింది. దొర లేడు 'చాలు' అనడానికి. కుర్రవాడి మనసే 'ఇంకా' అంది, ఒక్క పొర గీరాడు. ఇనుము పెట్టి చూస్తే కట్టె లొటలొటలాడింది.

రెండో కొయ్య లేదు. రెండో రోజూ లేదు. ఊళ్లో నవ్వినవాళ్లు ఇంకా నవ్వు ఆపలేదు. ప్రేమానందం తలుపు గడియ వేసి, వజ్రం గిన్నె పొయ్యి మీద పెట్టాడు. వేడివేడిగా గుంటలో పోసి, ఇనుము దించి, మూడు మరలూ బిగించి, పొంగి వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు. ఆరిన తర్వాత చూస్తే ఇనుముకూ కొయ్యకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు.

అదీ సంగతి. మనిషికి పేరు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు? మర్నాడు పూజలో ఆ తుపాకిని చూసి ఊరు ముక్కు మీద వేలేసుకుంది. ఆచారి కూడా గోరుతో సందు వెతికి, దొరక్క తల ఊపాడు. ఆ వారమే ఇంకో ఇద్దరు రైతులు తమ తుపాకులు తెచ్చారు. ఆ రెండింటికీ, ఆ తర్వాత చేసిన డెబ్భై ఎనభైకీ ప్రేమానందం చుక్క బంక తగలనివ్వలేదు. వదులైనవి ఏడెనిమిది పొయ్యిలో పెట్టాడు కూడా. ఆయనకు పేరు తెచ్చిన పని ఒక్కటే దొంగపని, మిగిలినవన్నీ నిక్కమైనవే.

పరంధామయ్య మాట మరిచే మనిషి కాదు. ఏటా ఆయుధ పూజకు కబురు పెట్టేవాడు. ప్రేమానందం తెల్లచొక్కా వేసుకుని పోయి, వాకిట్లో ఒక పక్కగా నిలబడేవాడు. నాయుడి భార్య వరదమ్మ తుపాకికి చింతపండు, ఇటికపొడి పెట్టి ఇనుము తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెట్టేది. హారతి అయ్యాక నాయుడు తుపాకి చేతికెత్తి, వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా ప్రేమానందం పని వజ్రం అబ్బా, వజ్రం!" అనేవాడు. అందరూ ఔనౌననేవాళ్లు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ప్రేమానందం తల వంచుకునేవాడు. వాళ్లు అది వినయం అనుకునేవాళ్లు. వరదమ్మ బొరుగులూ బెల్లమూ పైగుడ్డలో పోస్తే మూట కట్టుకుని ఇల్లు చేరేవాడు. దారి పొడుగునా ఆ ఒక్క మాటే చెవిలో పోరు పెట్టేది. వచ్చే ఏడు చెప్పేద్దాం అనుకునేవాడు. అలా పద్దెనిమిది ఆయుధ పూజలు గడిచిపోయాయి. 1942లో నాయుడు జ్వరంతో పోయాడు. ఇక ఎవరికీ చెప్పే పని లేదని ప్రేమానందం కొంత ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి పీల్చుకున్నందుకు ఆయనకు సిగ్గు కూడా వేసింది.

నాలుగేళ్లు గడిచాయి. 1946 డిసెంబరు నెలాఖరున, వానలు వెనకబట్టిన ఒక పొద్దున, ప్రేమానందం కొట్టం ముందు బండి ఆగింది. పరంధామయ్య కొడుకు మునికృష్ణ దిగాడు. దుప్పటిలో చుట్టిన తుపాకిని పసిబిడ్డలా పట్టుకుని వెనక వరదమ్మ దిగింది.

సంగతి ఏమంటే, తాలూకాఫీసుకు కొత్తగా వచ్చిన తాసీల్దారు ప్రతి తుపాకి ఇనుము మీద కొట్టి ఉండే గుర్తు అంకెనూ కళ్లతో చూస్తేనే లైసెన్సు కొత్త ఏడాదికి రాస్తానన్నాడు. నెల ముప్పై ఒకటిలోపల చూపించకపోతే తుపాకి సర్కారుకు అప్పజెప్పాలి. అప్పజెప్పిన తుపాకి మళ్లీ ఇంటికి వచ్చిందని ఎవరూ వినలేదు. మునికృష్ణ తుపాకి మీద అంకె అరిగిపోయింది. వేలితో నొక్కే మీట కింది పట్టీ మీద ఉండాల్సినదాన్ని వరదమ్మ చింతపండు, ఇటికపొడి ఏళ్ల తరబడి తోమి తోమి నున్నగా చేసేశాయి. గొట్టాల అడుగున ఉన్నదాన్ని తుప్పు తినేసింది. అక్కడి గుమాస్తా ఒకడు జాలిపడి, కట్టె లోపల దాగిన ఇనుము మీద కూడా అంకె కొట్టి ఉంటారు, కట్టె ఊడదీసి తెమ్మన్నాడు. మునికృష్ణ ఇంటికి పోయి మూడు మరలూ విప్పాడు. కట్టె కదల్లేదు.

"నేనూ మా జీతగాడూ ఆ పక్కొకడు ఈ పక్కొకడు పట్టుకోని లాగినాము ప్రేమానందం. ఊహూ," అన్నాడు మునికృష్ణ. "అంతా మా అమ్మ నిర్వాకం. నాయన పోయినకాడి నుంచి పూజనాడు దీనికి పంచామృతంతో తానం సేయిస్తా ఉండాది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, బెల్లం అంతా లోపలికి దిగి గట్టిగా కరుసుకోనుండాది. తుపాకికి ఎవురైనా తానం సేయిస్తారా?"

"పైపైన తుడిసినాను నాయనా. లోపలికి పొయ్యలేదు," అంది వరదమ్మ.

"పొయ్యలేదని కాణిపాకంలో తలకు నీళ్లు పోసుకోని సెప్తావా?"

"సెప్తా. కట్టు బండి."

కాణిపాకం ప్రమాణం దాకా మాట వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా నోరు మూసుకోవలసిందే. మునికృష్ణ మూసుకున్నాడు. కానీ మొహంలో కోపం పోలేదు. అంకె అరగదీసిందీ ఆమే, కట్టె అతికించిందీ ఆమే అని వారం రోజులుగా ఊరంతా చెబుతున్నాడని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. వరదమ్మ పోయి కొట్టం అరుగు మీద కూర్చుంది.

ప్రేమానందం తుపాకి అందుకుని, గొట్టాలు వంచి తోటాలు లేవని రెండుసార్లు చూశాడు. మెడ దగ్గర బొటనవేలు పెట్టి తడిమాడు. ఇరవై రెండేళ్లయినా వెంట్రుక దూరే సందు లేదు. అది పంచామృతమో కాదో చెప్పడానికి ఆయన దేన్నీ విప్పక్కర్లేదు.

"ఇంగ లాబం లేదంటే కోసెయ్యబ్బా. కొత్త కట్టె ఏసుకుందాము," అన్నాడు మునికృష్ణ.

ఆ మాటతో ప్రేమానందానికి తప్పించుకునే దారి కనబడింది. రంపం పెట్టి మెడ దగ్గర కోసి, ఉలితో పొట్టు పొట్టుగా తీసేస్తే అంకె బయటపడుతుంది. వజ్రం పొట్టులో కలిసి పొయ్యిలోకి పోతుంది. వానకు కొయ్య ఉబ్బింది నాయుడా అంటే సరిపోతుంది. చేయి రంపం వైపు పోయింది కూడా.

"కోసేదేంది?" అంది వరదమ్మ లేచి. "ఈడ సూడు." మడమకు కొంచెం ముందు, కొయ్య మీద అరచేయంత మేర నున్నగా, నల్లగా మెరుస్తోంది. "మీ నాయన సెంప ఆనిన సోటు ఇది. దీన్ని కోసే పనైతే తుపాకినే తీసుకపోయి తాసీల్దారు కిచ్చెయ్. నాకేం వద్దు."

మునికృష్ణ ఆకాశం వైపు చూశాడు. ప్రేమానందం చేయి వెనక్కి తీసుకున్నాడు.

కొయ్య చెడకుండా వజ్రం విడవాలంటే ఒకటే దారి, వేడి. నిప్పు మీద పెడితే కొయ్య మాడుతుంది. ఎండలో పెడితే చలికాలపు ఎండకు నెల రోజులు పడుతుంది. అన్ని వైపులా ఒకే తీరున, చేయి ఓర్చుకునేంత వేడి కావాలి. అలాంటి వేడి ఆ వీధిలో ఒక్కచోటే ఉంది. గురవమ్మ బొరుగుల బట్టీలో, ఇసుక మూకుడులో. కానీ వజ్రం వేడెక్కితే ఊరుకోదు. తోలు ఉడికిన కంపు కొడుతుంది. వీధంతా కొడుతుంది. తుపాకి ఇక్కడే పెట్టి పొండి, రేపు రండి అందామంటే అదీ కుదరదు. లైసెన్సు ఉన్న మనిషి పక్కన లేకుండా తుపాకి ఇంకొకడి చేతిలో ఉండకూడదు. పైగా వరదమ్మ దాన్ని కళ్లు దాటనిచ్చే రకం కాదు.

ఆయన రంపం పక్కనే కూర్చుండిపోయాడు. డెబ్భై ఎనభై తుపాకుల పేరు ఒక పక్క, వరదమ్మ చూపించిన పెద్దనాయుడి చెంప గుర్తు ఒక పక్క. నిజం చెప్పాలంటే ఆయన మనసు అప్పటికీ రంపం వైపే లాగుతోంది. మనిషిని మరీ మంచివాడిగా చెప్పుకోవాల్సిన పని లేదు. ఆయన లేచింది ధైర్యం వచ్చి కాదు. ఆ ముసలామె అరుగు మీద నుంచి కళ్లార్పకుండా తన చేతులనే చూస్తోంది, అందుకు.

"బట్టీ కాడికి పోదాం రండి," అన్నాడు.

గురవమ్మ పొద్దుటి బొరుగులు వేయించడం అప్పుడే ముగించింది. "ఏంది ప్రేమన్నా, తుపాకిని ఏంచుకోని తింటావా?" అంది నవ్వుతూ. ప్రేమానందం గొట్టాలు వేరుచేసి మునికృష్ణ చేతికిచ్చాడు. తోటాలను కొట్టే గుర్రాలూ మీటలూ విప్పి గుడ్డలో మూట కట్టాడు. కొయ్య మెడకు తడిగుడ్డ నాలుగు మడతలు చుట్టాడు. ఇసుకను రెండుసార్లు తిరగేసి, వేలు పెట్టి చూసి, 'ఇంకా' అనుకున్నాడు. కొంచెం చల్లారనిచ్చి మళ్లీ వేలు పెట్టి, 'చాలు' అనుకున్నాడు. ఇనుము ఇసుకలోకి, కొయ్య పైకి ఉండేలా పాతి, గుడ్డ ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాడు.

పావుగంట ఏమీ లేదు. తర్వాత మొదలైంది.

"థూ! ఏందన్నా ఈ కంపు?" అని గురవమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నా బొరుగులు ఎవురు కొంటారు ఇంగ?"

మునికృష్ణ గంతేసినంత పని చేశాడు. "నేం సెప్పలా? నాలుగేండ్ల నెయ్యి, పెరుగు కుళ్లిన కంపు! సూస్తివా అమ్మా, సూస్తివా? పైపైన తుడిసినాను అంటివే!"

అబద్ధం ఆడే శ్రమ కూడా లేకుండా దాన్ని విస్తరిలో వడ్డించి ముందు పెట్టినట్టయింది. తల ఊపితే చాలు. అంతకన్నా అక్కర్లేదు, తల కూడా ఊపకుండా నీళ్లు చిలకరిస్తూ కూర్చుంటే చాలు. ప్రేమానందం నీళ్లు చిలకరించాడు.

వరదమ్మ ముందుకు వచ్చి, మూకుడు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ముక్కు మూసుకోలేదు.

"ఇది కుళ్లిన నెయ్యి వాసనేనా ప్రేమానందం?" అని అడిగింది.

కాణిపాకం నీళ్లు ఆ క్రైస్తవుడి తల మీద ఎవరూ పోయలేదు. అయినా పోసినట్టే అయింది.

"కాదమ్మా," అన్నాడు. "నెయ్యీ కాదు, పెరుగూ కాదు. వజ్రం. నేను పోసిందే. ఇరవై రెండేండ్లయింది."

"ఏమంటివి?" అన్నాడు మునికృష్ణ.

ప్రేమానందం అంతా చెప్పాడు. ఒక్క పొర ఎక్కువ గీరింది, కట్టె వదులైంది, రెండో కొయ్య లేకపోయింది, తలుపు గడియ వేసుకుంది, ఒక్కటీ దాచలేదు. "మర్నాడు పూజ. పెద్దనాయుడు నన్ను నమ్మి నలుగుర్లో మాటపడినాడు. వదులు కట్టె తీసుకపోయి ఎట్ల ఇచ్చేది? నా పేరు గూడా పోతాదని బయపడినా. పోసి మూసేసినా. తప్పంతా నాదే నాయుడా. అమ్మది ఏమీ లేదు."

మునికృష్ణ మొహం ఎర్రబడింది. "తోలు ఉడకబెట్టిన బంకనా? ఇన్నేండ్లూ దానికేనా మేము హారతిచ్చింది? నేను మా అమ్మను ఊరంతా పట్టుకోని తిడితినే..."

"తోలైతే ఏమిరా?" అంది వరదమ్మ. "గుళ్లో కొట్టే తప్పెట తామరాకుతో సేస్తారా? నువ్వూరుకో. మీ నాయనకు తెలుసు."

మునికృష్ణ చేతిలోని గొట్టాలు కింద పెట్టాడు.

"తొలి యేడు వానల్లోనే తెలుసు," అంది వరదమ్మ, ప్రేమానందం వైపు తిరిగి. "అడవిలో తడిసొచ్చి పొయ్యి కాడ తుపాకి ఆరబెట్టినాడు. ఇదే వాసన. ముక్కు కాడ పెట్టుకోని సూసి, 'ఒసే వరదా, ఆ పిల్లోడు వజ్రం పోసినాడే' అని ఒకటే నగు. నేను కోప్పడితే, 'ఎవురికీ సెప్పొద్దు. ఇప్పుడు సెప్తే వానికి ఇంగెవురూ పని ఈరు. వానంతట వాడే వచ్చి సెప్తాడు సూడు' అన్న్యాడు."

"నాకు తెల్దమ్మా," అన్నాడు ప్రేమానందం.

"ఎట్ల తెల్దు? ఏటేటా పూజనాడు నలుగుర్లో 'మా ప్రేమానందం పని వజ్రం' అని ఏంటికన్న్యాడనుకుంటివి? నీకు సందిచ్చినాడయ్యా. నువ్వు తలొంచుకోని, బొరుగులు మూటకట్టుకోని పోతివి. నువ్వు పోయినాక 'ఈ యేడూ సెప్పలే' అనేవాడు. పోయే ముందు పూజకు గూడా ఆ మాటే అన్న్యాడు."

ప్రేమానందానికి ఏడుపు వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, బట్టీ ముందు, గురవమ్మ చూస్తుండగా ఏడ్చాడు. తిట్టినా బాగుండేది. పద్దెనిమిదేళ్లు ఒక మనిషి నవ్వుతూ తలుపు తెరిచి పట్టుకుని నిలబడితే, తాను వానలో పోయేవాడిలా తల వంచుకుని పరిగెత్తిన సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి ఆ మనిషి లేడు.

ఆ ఏడుపులోనే చేతులు తమ పని తాము చేసుకున్నాయి. తుపాకి ఇసుకలోంచి తీసి, గుడ్డ విప్పి, మడమ మీద కొయ్యసుత్తితో రెండు చిన్న దెబ్బలు వేశాడు. మెడ దగ్గర సన్నగా ఒక గీత కనబడింది. ఇంకో దెబ్బకు కట్టె ఊడి ఆయన ఒళ్లో పడింది. ఎక్కడా పగుల్లేదు. ఇనుము మీద అంకెలు నిన్న కొట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి. కొయ్య గుంటలో గోధుమరంగు వజ్రం మీద అవే అంకెలు తిరగబడి అచ్చు పడ్డాయి. మునికృష్ణ ఇనుము చేతిలోకి తీసుకుని అంకెలు పైకి చదివాడు. కోప్పడాలో సంతోషపడాలో తెలియక మళ్లీ ఒకసారి చదివాడు.

కట్టె ఇప్పుడు వదులు. ఇరవై ఆరేళ్లప్పుడు ఎంత వదులో అంతే వదులు. ప్రేమానందం కొట్టంలోకి పోయి, ఇరుగుడు కొయ్యలోంచి తమలపాకంత పలుచన పొర ఒకటి చీల్చాడు. గుంటలో ఎక్కువ గీరిన మూలకు దాన్ని కూర్చి, ఆవగింజంత వెదురు సీలలు మూడు కొట్టాడు. గురవమ్మ మూకుడు మసి ఆముదంలో కలిపి ఇనుముకు పూశాడు. నొక్కాడు, తీశాడు, గీరాడు. పొద్దు వాలక ముందే గుంటంతా ఒకే తీరుగా నల్లబడింది. ఈ ఉపాయం దొర చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లలో చేతికి దానంతటదే తెలిసింది. తెలిసి ఎన్నాళ్లయిందో ఆయన ఎన్నడూ లెక్కవేసుకోలేదు, ఆ తుపాకిని మళ్లీ తాకే ధైర్యం లేక.

"ఇంతేనా పని?" అన్నాడు మునికృష్ణ.

"ఇంతే నాయుడా. అరపూట పని," అన్నాడు ప్రేమానందం.

తాసీల్దారు అంకె చూసి లైసెన్సు రాశాడు. మునికృష్ణ రెండు మూడు నెలలు ప్రేమానందంతో ముభావంగా ఉన్నాడు. తర్వాత పందులు చేలో పడిన రోజున తుపాకి అక్కరకు వచ్చి, కోపం మరిచిపోయాడు. తల్లిని తిట్టినందుకు మాత్రం ఊళ్లోవాళ్లు అతన్ని చాన్నాళ్లు ఆట పట్టించారు.

స్వతంత్రం వచ్చిన ఏడు ఆయుధ పూజకు ప్రేమానందానికి మళ్లీ కబురు వచ్చింది. తెల్లచొక్కా వేసుకుని పోయాడు. ఎప్పటిలాగే వాకిట్లో ఒక పక్కగా నిలబడ్డాడు. వరదమ్మ తుపాకికి పసుపు కుంకుమ మాత్రం పెట్టింది, చింతపండు జోలికి పోలేదు. హారతి అయ్యాక ప్రేమానందం ముందుకు వచ్చి, "ఒక మాట సెప్పాల," అన్నాడు. మూడు మరలు విప్పి, కట్టెను ఒంటి చేత్తో ఊడదీసి అందరికీ చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. వాళ్లు విన్నారు. ముసలి ఆచారి పగలబడి నవ్వాడు. పెద్దనాయుడు ఏటా అనే మాటలో ఉన్న కిటుకు అర్థమై, మిగిలినవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఇంకా నవ్వారు. ప్రేమానందం ఈసారి తల వంచుకోలేదు. వాళ్లతో కలిసి నవ్వబోయాడు గాని, సగంలో ఆగిపోయి మరలు బిగించుకుంటూ కూర్చున్నాడు.

వరదమ్మ ఆయన పైగుడ్డలో బొరుగులూ బెల్లమూ పోసింది. ఖాళీ చేట పట్టుకుని లోపలికి పోతూ, చిలక్కొయ్యకు నాలుగైదేళ్లుగా అలాగే వేలాడుతున్న మొగుడి తలగుడ్డ ముందు ఒక్క నిమిషం ఆగింది.

"ఈ యేడు సెప్పినాడు," అంది.